కౌసర్ పరుపు చెప్పిన సాక్ష్యం

నా జన్మలో ఏ పరుపూ నాకు అబద్ధం చెప్పలేదు. మనుషులు చెప్పారు, మా వీధి మేకపోతు కూడా ఒకసారి చెప్పింది, పరుపు మాత్రం చెప్పలేదు. పాత పరుపు విప్పి దూది మీద అరచెయ్యి వేశానంటే, దాని మీద పడుకున్నవాళ్ళు ఎటు తిరిగి పడుకుంటారో, ఎవరికి నడుం నొప్పో, ఏ మొగుడు అలిగి అంచుకి జరిగాడో అన్నీ చెప్పేస్తాను. అద్దంకి వైపు ఒక పెద్ద రైతు పరుపు విప్పి, "మీకు ఎడమ మోకాలు నొప్పి, వచ్చే శుక్రవారం కుడిది మొదలవుతుంది" అన్నాను. శుక్రవారం కుడిది మొదలైంది. నమ్మకం లేకపోతే ఆయన్నే అడగండి. ఊరి పేరు మాత్రం నేను చెప్పను.

పోయిన వారం ఎక్కడ ఆపానో గుర్తుంది కదా. మా మనవరాలు కౌసర్ చిన్న ట్రాలీ ఆటోలో తన పెళ్ళి పరుపు వేసుకుని, గుంటూరు నుంచి మా వాకిట్లో దిగింది. కౌసర్ మా అమ్మాయి కూతురు. అమ్మాయీ అల్లుడూ పొన్నూరులో బియ్యం వ్యాపారం చేసుకుంటారు. వాళ్ళ పిల్ల విమానం నడుపుతుంది. భుజాల మీద మూడు చారలున్నాయి, నాలుగో చార పడితే కెప్టెన్. ఆ పిల్ల పనిచేస్తున్న చిన్న కంపెనీ మూతపడే దారిలో ఉంది. అదే సమయానికి రెండు పెద్ద కంపెనీలు రమ్మని పిలిచాయి. ఈ సాయంత్రం పొద్దు వాలేలోపల ఏదో ఒకదానికి ఒప్పుకుంటున్నానని ఫోన్లో జవాబు పంపాలి. రెండో దానికి దణ్ణం పెట్టెయ్యాలి.

ఒకటి గల్ఫ్ కంపెనీ. సీట్ల మధ్య రెండు నడవలుండే పెద్ద విమానం, సముద్రాలు దాటించే పని, ఉండటానికి వాళ్ళే ఇచ్చే ఇల్లు. చిన్నప్పటి నుంచీ కౌసర్ కలలో ఎగిరింది ఆ సైజు విమానమే. కానీ అక్కడ చేరితే వరసలో ఆఖరి మనిషి. నాలుగో చార పడాలంటే చాలా ఏళ్ళు కాచుకోవాలి. రెండోది మన దేశపు కంపెనీ. ఇప్పుడు నడిపే చిన్న విమానమే, కాపురం హైదరాబాదులో, నాలుగో చార మాత్రం తొందరగా వస్తుంది. అయితే తెల్లవారకముందే డ్యూటీ, రోజుకి మూడు నాలుగు ఊళ్ళు దిగడం, మళ్ళీ ఎక్కడం.

ఇదంతా విని మా ఆవిడ జహీరున్నీసా ఒకే ప్రశ్న అడిగింది.

"ఏ దాంట్లో అయితే వేళకి అన్నం తింటావే?"

"రెండిట్లోనూ తినను అమ్మమ్మా."

"అయితే నన్నెందుకు అడగడం" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

కౌసర్ భర్త యూసుఫ్ గుంటూరులో ఒక కోల్డ్ స్టోరేజీలో చల్లబరిచే మిషన్లు చూసుకుంటాడు. రైతులు దాచుకునే మిరపకాయ టిక్కీ బస్తాలన్నీ ఆ మిషన్ల మీదే బతుకుతాయి. కౌసర్ హైదరాబాదులో గది తీసుకుని ఉంటుంది. సెలవు దొరికినప్పుడు గుంటూరు ఇంటికి వస్తుంది. ఏ కంపెనీకి వెళ్ళమంటావని అడిగితే యూసుఫ్ దగ్గర ఒకటే మాట. "నీ ఇష్టం కౌసర్, నాకేం పర్లేదు."

ఇక్కడికి పాత సంగతి అయిపోయింది. ఇక పరుపు విప్పుదాం.

పెరట్లో చాప పరిచి పరుపు దాని మీద వేశాం. పక్క దొడ్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. గాలి అటు నుంచి వస్తే తుమ్ములు, మార్టూరు వైపు నుంచి వస్తే రాయి కోసే మిషన్ల మోత. మా తాతల నాటి నుంచీ దూది ఏకడమే మా ఇంటి పని. ఇప్పుడు మోటారు మిషను ఉంది కానీ పాత విల్లు ఇంకా వసారాలో వేలాడుతూనే ఉంటుంది. ఆ విల్లు మోతకి ఒకప్పుడు చీరాల సముద్రంలో చేపలు ఒడ్డుకొచ్చేవని మా నాన్న అనేవాడు. ఆయనతో పోలిస్తే నేను నిజాయితీపరుణ్ణి.

"చూడు కౌసర్, పెళ్ళి పరుపుకి మా ఇంట్లో రెండు పద్ధతులున్నాయి" అన్నాను, అంచు కుట్లు కోస్తూ. "ఒకటి, పెళ్ళికూతురు పడుకునే పక్కన, తల దగ్గర, గలేబు లోపల ఎర్ర దారంతో ముడి వేస్తాం. తర్వాత ఎప్పుడు విప్పినా ఎవరి పక్క ఏదో తెలుస్తుంది. రెండు, ఎవరి పరుపో వాళ్ళు ఒకసారి పడుకుని లేచాకే ఆఖరి కుట్టు వేస్తాం. ఎక్కడైనా పల్లంగా ఉందంటే అక్కడ ఇంకో గుప్పెడు దూది పెట్టాలి కదా."

"మొదటిది నాకెప్పుడూ చెప్పలేదే."

"పెళ్ళికూతురికి చెప్పకూడదు."

గలేబు తెరిచాను. నాలుగేళ్ళ కిందట నా చేత్తో నింపిన దూది. తల వైపు వంగి చూసి, "ఇదిగో ముడి. ఇటు నీ పక్క" అన్నాను. అరచేతులతో మెల్లగా తడుముకుంటూ పోయాను. నీ పక్క కొంచెం అణిగింది అన్నాను. కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. అక్కడ దూది పలకలా గట్టిపడి ఉంది. పెట్టె ఆకారంలో గుంట.

నాకు గుండె చెరువైంది. చెయ్యి తీసి మనవరాలి మొహం చూశాను.

"అమ్మా, మంచం కాళ్ళ వైపు కూర్చుని ఎన్నాళ్ళ నుంచి ఏడుస్తున్నావు?"

"నేనా?"

"నా దగ్గర దాచకు. మనిషి ఒకే చోట కూర్చుని కుమిలిపోతే తప్ప దూది ఇలా గడ్డకట్టదు. ఎన్ని పరుపులు చూశాను."

కౌసర్ వంగి ఆ గుంట చూసింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని నేను కండువా అందించబోయాను. ఆ పిల్ల నవ్వుతోంది.

"తాతా, అది నా సూట్‌కేసు. సెలవుకి వచ్చినప్పుడల్లా అక్కడే పెడతా. ఎప్పుడు పిలుస్తారో తెలీదుగా, తీసి సర్దుకునేది కూడా లేదు. మూత తెరిచి అలాగే ఉంచేస్తా."

"కూర్చుని ఏడవలేదా?"

"అంత తీరికేది?"

వసారాలోంచి మా ఆవిడ అంది, "యాభై ఏళ్ళు పరుపులు విప్పాడు, పెట్టెకీ పిర్రకీ తేడా తెలీలేదు."

కాబట్టి అయ్యలారా అమ్మలారా, మొదట్లో నేనన్న మాట కొట్టేసుకోండి. పరుపులు అబద్ధం చెబుతాయి. లేదా నాకు దూది భాష సగమే వచ్చు. అద్దంకి రైతు మోకాలు కూడా శుక్రవారం కాదు, మరుసటి ఏడాది నొప్పి పెట్టింది. ఆ వయసులో ఎవరికైనా పెడుతుంది.

నవ్వు ఆగాక నేను రెండో పక్కకి జరిగాను. యూసుఫ్ పక్క. రోజూ ఆ ఇంట్లో ఉండేవాడు, రోజూ పడుకోవాల్సినవాడు అతనే. ఆ పక్క అడుగుదాకా అణిగిపోయి ఉండాలి. నేను దూది ఒక గుప్పెడు తీసి కౌసర్ చేతిలో పెట్టాను.

"ఇది నువ్వే పట్టుకుని చూడు. నేనేమీ చెప్పను."

కౌసర్ పట్టుకుని చూసింది. వదిలితే చేతిలోంచి పొంగింది. ఆ పిల్ల తాత ఇంట్లో పెరిగిన పిల్ల, కొత్త దూదీ పడుకున్న దూదీ ఎరుగును.

"ఇది కూడా తప్పే అయి ఉంటుందిలే" అంది.

"అయి ఉండచ్చు."

"మరి ఎందుకట్లా చూస్తున్నావు?"

"నీ మొగుడు ఈ పరుపు మీద పడుకోవడం లేదని నాకనిపిస్తోంది."

జహీరున్నీసా చేట కింద పెట్టి గట్టిగా అరిచింది. "నోరు మూసుకుని దూది ఏకు. ఒకటి తప్పు చెప్పింది చాలదా? పిల్ల సాయంత్రానికి జీవితం తేల్చుకోవాలి, నువ్వు మధ్యలో కాపురంలో పుల్లలు పెడతావా?"

నేను జేబులోంచి ఫోను తీసి యూసుఫ్‌కి చేశాను. వద్దని కౌసర్ చెయ్యి చాపేలోపలే అతను ఎత్తాడు. వెనక లారీల హారన్లు, హమాలీల కేకలు, ఎవరో వరసపెట్టి తుమ్మడం.

"అబ్బాయ్, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు. రోజూ ఎక్కడ పడుకుంటున్నావు?"

అటు నుంచి తుమ్ములు మాత్రం వినిపించాయి.

"కౌసర్ అక్కడే ఉందా తాతయ్యా?" అన్నాడు చివరికి.

"పక్కనే ఉంది."

"వస్తున్నా" అని పెట్టేశాడు.

మిరపకాయల సీజనులో, గేటు బయట లారీలు వరసగా నిలబడి ఉండగా, మిషన్లు చూసే మనిషి కదిలి వస్తున్నానన్నాడంటే మామూలు సంగతి కాదు. అది కౌసర్‌కీ తెలుసు. ఆ పిల్ల మొహంలో నవ్వు పూర్తిగా పోయింది. చేతిలోని దూదిని కొంచెం కొంచెం తుంచి గాల్లోకి వదులుతూ కూర్చుంది.

"ఎవరు చెయ్యమన్నారు తాతా నిన్ను?"

"ఎవరూ చెయ్యమనలేదు."

"అతను వేరే ఎక్కడో పడుకుంటున్నాడంటే" అని ఆగింది. మళ్ళీ అంది, "అలా అయితే తేలికే కదా. గల్ఫ్ వాళ్ళకి సరే అనేస్తా. ఇన్నాళ్ళూ దేనికి ఆలోచించానో, దేనికి నిద్ర పాడుచేసుకున్నానో. నీకేం పర్లేదా అని అడిగితే ఎంత తొందరగా పర్లేదనేవాడో ఇప్పుడు అర్థమవుతోంది."

జహీరున్నీసా వచ్చి ఆ పిల్ల పక్కన కూర్చుంది.  తల మీద పడ్డ దూది పింజలు ఒక్కొక్కటే ఏరి తీసింది.

నేను మోటారు వేసి దూది ఏకడం మొదలుపెట్టాను. ఆ మోతలో మాట్లాడుకోనవసరం లేదు. అందుకే వేశాను.

యూసుఫ్ వచ్చేసరికి ఎండ నడినెత్తి నుంచి దిగింది. బైకు వాకిట్లో ఆపి పెరట్లోకి వస్తుంటే అతని కంటే ముందు ఘాటు వచ్చింది. కౌసర్ తుమ్మింది, నేను తుమ్మాను, మా ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. అతని బట్టల నిండా ఎర్రటి దుమ్ము, దాని మీద గాల్లో తేలే దూది వచ్చి అంటుకుంది. అలా ఎర్రగా తెల్లగా నిలబడ్డాడు. కళ్ళ కింద నలుపు నాకు కొత్తగా కనపడింది. ఇన్నాళ్ళూ అది మిషన్ల మసి అనుకున్నాను.

కౌసర్ లేవలేదు.

"ఎక్కడ పడుకుంటున్నావు?"

"ఇంట్లోనే."

"ఇంట్లో ఎక్కడ?"

"హాల్లో. సోఫాలో."

"మంచం ఉండగా సోఫా ఏంటి?"

యూసుఫ్ నా వైపు చూశాడు, మా ఆవిడ వైపు చూశాడు. వెళ్ళిపొమ్మని అనలేడు, మేము వెళ్ళం. చివరికి జేబులోంచి ఫోను తీసి తెర వెలిగించి కౌసర్ ఒళ్ళో పెట్టాడు. తెర నిండా దేశం పటం, దాని మీద పసుపు పచ్చని విమానం బొమ్మలు చీమల్లా పాకుతున్నాయి.

"నీ విమానం నంబరు కొడితే ఎక్కడుందో చూపిస్తుంది. నువ్వు దిగాక పడుకుంటా."

"నా ఆఖరి విమానం దిగేసరికి ఒక్కోసారి తెల్లారిపోతుంది."

"అవును. అప్పుడిక పడుకోవడం ఎందుకని స్నానం చేసి డ్యూటీకి పోతా."

"చూస్తే చూశావు. మంచం మీద పడుకుని చూడచ్చుగా."

"తాతయ్య పరుపు మీద పడుకుంటే నిద్ర పట్టేస్తుంది" అన్నాడు యూసుఫ్. "నేను నిద్రపోయినప్పుడు నీకేమైనా అయితే?"

నా పనితనానికి నా జన్మలో ఇంతకంటే పెద్ద మెచ్చుకోలు రాలేదు. దాన్ని ఆనందించే వీలు మాత్రం లేకుండా పోయింది.

కౌసర్ ఆ పసుపు బొమ్మల వైపు చూస్తూనే ఉంది. "ఎప్పటి నుంచి?"

"వైజాగ్ వాన రోజు నుంచి. నీ విమానం సముద్రం మీద గుండ్రంగా తిరుగుతూ ఉంది. తిరిగి తిరిగి, ఉన్నట్టుండి తెర మీద లేదు. నేను హాల్లో నిలబడ్డాను. నువ్వు ఫోను చేసేదాకా అలాగే నిలబడ్డాను."

"వాన తగ్గకపోతే చెన్నైకి తిప్పాం. ఆ యాప్‌కి సిగ్నల్ అందకపోతే బొమ్మ మాయమవుతుంది. అంతే."

"ఇప్పుడు తెలుసు. అప్పుడు తెలీదు."

 పక్క దొడ్లో ఎవరో పారతో మిరపకాయలు తిరగేస్తున్న గలగల వినపడింది.

"నువ్వు నాకు చెప్పలేదు" అంది కౌసర్. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండుననిపించింది నాకు. "నేను రెండు కంపెనీలనీ తక్కెడలో చెరో వైపు పెట్టి తూచుకుంటూ కూర్చున్నాను. విమానం సైజు తూచాను, చార తూచాను, సెలవులు తూచాను. నీ వైపు ఏ బరువూ లేదని పక్కన పెట్టేశాను. నువ్వే కదా లేదన్నది. మోసపు తూకం తూచాను నేను, నీ మూలంగా."

"బరువుందని చెబితే ఆగిపోతావు."

"ఆగుతానో లేదో నేను చూసుకునేదాన్ని."

"ఆగిపోయేదానివి కౌసర్. ఆ తర్వాత ఒకరోజు మేడ మీద బట్టలు ఆరేస్తూ ఉంటాం. పైన పెద్ద విమానం పోతుంది. నువ్వు తలెత్తి చూస్తావు. ఏమీ అనవు, చూస్తావంతే. అప్పుడు నేను ఏ మొహం పెట్టుకుని పక్కన నిలబడను?"

 తలెత్తి చూసే పిల్లేనని మా అందరికీ తెలుసు.

"సరే, పెద్ద విమానం ఎక్కాను అనుకో" అంది కాసేపటికి. "రోజులో సగం పైగా గాల్లోనే ఉంటా. అంతసేపూ సోఫాలో కూర్చుంటావా?"

"అలవాటవుతుంది."

"చిన్న విమానమైతే రోజుకి నాలుగుసార్లు దిగుతా. నాలుగుసార్లూ నీకు ఊపిరి ఆగుతుంది. ఏ కంపెనీ అయినా నాకు ఉద్యోగం ఇస్తుంది కానీ నీకు నిద్ర ఇవ్వదు యూసుఫ్." ఫోను అతని చేతికి తిరిగి ఇచ్చేసింది. "నిద్ర లేకపోతే విమానం ఎక్కనని చెప్పే హక్కు నాకుంది. చెప్పాలి కూడా. చెప్పకుండా ఎక్కితే తప్పు. నువ్వు నిద్ర లేకుండా ఎక్కడికి వెళ్తున్నావు? అమ్మోనియా మిషన్ల దగ్గరికి."

అమ్మోనియా అంటే ఏంటో మా వైపు అందరికీ తెలుసు. కోల్డ్ స్టోరేజీని చల్లగా ఉంచేది ఆ గ్యాసే. అది బయటికి వచ్చిందా, మొదట కళ్ళు, తర్వాత ఊపిరి.

యూసుఫ్ తల వంచుకున్నాడు.

"ఏమైంది?" అంది కౌసర్.

"ఏం కాలేదు."

"ఏం కాకుండా అలా నిలబడవు నువ్వు. చెప్పు."

"మొన్న ఒక వాల్వు మూసెయ్యాలి. మూశాననుకున్నా. నాతో పనిచేసే బాలస్వామి చూసి పరుగెత్తుకొచ్చి మూశాడు. లోపల హమాలీలున్నారు. బాలస్వామి ఎవరికీ చెప్పలేదు. ఇంటికి పోయి పడుకో అన్నా, అన్నాడు."

నేను చాలా కథలు చెబుతాను. ఎవడో ఒకడు వాల్వు మర్చిపోయిన కథ కూడా నవ్విస్తూ చెప్పగలను. ఆ మధ్యాహ్నం మాత్రం దూది పట్టుకున్న చేతులు చూసుకుంటూ కూర్చున్నాను.

కౌసర్ లేచి అతని ఎదురుగా నిలబడింది. అతని చొక్కా మీద దూది ఒక పింజ తీసింది, ఇంకోటి తీసింది. ఎన్ని తీసినా ఉన్నాయి.

"ఆ యాప్ తీసెయ్."

"తీసేస్తే నాకు నీ సంగతి ఎలా తెలుస్తుంది?"

"దిగాక నేనే పంపుతా. పొద్దున లేచి చూసుకో. నేను దిగని రోజంటూ వస్తే, నీకు చెప్పడానికి మనుషులొస్తారు. నువ్వు మేలుకుని ఉన్నంత మాత్రాన ఆ విమానం ఆగదు, దిగదు. దాన్ని దించేది నేను. నన్ను నమ్ముతావా, ఆ పసుపు బొమ్మనా?"

నేను ఈ వయసుదాకా ఎందరి మొగుడూ పెళ్ళాల తగువులో విన్నాను. ఇంత చల్లగా ఇంత పెద్ద మాట అనడం వినలేదు. యూసుఫ్ చాలాసేపు తెర చూశాడు. తర్వాత బొటనవేలితో ఒక చోట నొక్కి పట్టుకున్నాడు. పసుపు విమానాలన్నీ ఒక్కసారి పోయాయి. ఫోను జేబులో పెట్టుకోవడం మర్చిపోయి చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నం తినండి ముందు" అంది జహీరున్నీసా.

తిన్నారు. నేను ఏకిన దూదిని కొత్త గలేబులో నింపాను, కర్రతో కొట్టి సమం చేశాను, దబ్బనంతో అంచులు కుట్టుకుంటూ వచ్చాను. మూర పొడవు వదిలి పిలిచాను.

"రండి. ఇద్దరూ పడుకోవాలి. అప్పటిదాకా ఆఖరి కుట్టు పడదు."

"అందరి ముందా?" అన్నాడు యూసుఫ్.

"మిమ్మల్నేమన్నా పాట పాడమన్నానా? పడుకోమన్నాను."

కౌసర్ ఒక పక్క, యూసుఫ్ ఒక పక్క వెల్లకిలా పడుకున్నారు. "ఎక్కడైనా పల్లంగా ఉందా?" అని అడిగాను. లేదు తాతా అంది కౌసర్. యూసుఫ్‌ని అడిగాను. జవాబు లేదు. వంగి చూశాను. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది, అరచెయ్యి ఆకాశం వైపు తిరిగి ఉంది. నేను ప్రశ్న పూర్తి చేసేలోపలే నిద్రలోకి జారిపోయాడు.

యూసుఫ్ ఫోను మోగింది, కోల్డ్ స్టోరేజీ నుంచి. జహీరున్నీసా అతని పక్క నుంచి మెల్లగా తీసి వసారాలోకి తీసుకెళ్ళి మాట్లాడింది. "ఆయనకి ఒంట్లో బాగాలేదయ్యా. బాలస్వామి ఉన్నాడుగా, చూసుకోమనండి" అని పెట్టేసింది.

పొద్దు పడమటికి జారింది. కౌసర్ లేవలేదు. పక్కకి తిరిగి, నిద్రపోతున్న మొహాన్ని చూస్తూ పడుకుంది. చాలా ఎత్తున ఒక విమానం తెల్లటి గీత గీసుకుంటూ సముద్రం వైపు నుంచి వచ్చి పడమటికి పోయింది. ఆ పిల్ల తలెత్తి చూస్తుందేమోనని నేను కాచుకుని ఉన్నాను. చూసింది. గీత చెదిరిపోయేదాకా చూసింది. మళ్ళీ యూసుఫ్ వైపు తిరిగింది.

తర్వాత తన ఫోను తీసుకుంది. ఏదో రాసింది, చెరిపేసింది, మళ్ళీ రాసింది. నేను దబ్బనం వెతుకుతున్నట్టు వెనక నుంచి వంగాను. కళ్ళద్దాలు వసారాలో ఉన్నాయి. నాకు కనపడింది తెల్లటి వెలుగు ముక్క ఒక్కటే. ఆ వెలుగు మీద వేలు ఆనించి, కొద్దిసేపు ఆగి, నొక్కింది. ఫోను చిన్నగా చప్పుడు చేసింది. జవాబు వెళ్ళిపోయింది.

"ఎవరికి పంపావమ్మా?" అన్నాను.

"మొదట అతనికి చెబుతా తాతా. ఆ తర్వాత మీకు."

"అయితే లేపనా?"

"లేపావంటే నీ విల్లు విరిచేస్తా."

లేపలేదు. ముగ్గురం కూర్చున్నాం. కాసేపటికి కౌసర్ ఊరికే ఉండలేక లేచి, పక్కన పడేసిన పాత గలేబు తీసి తిరగేసింది. లోపలి వైపు అంచుల వెంట వేళ్ళు పోనిస్తూ తల దగ్గరికి వచ్చింది. ఒక మూల చూసింది, రెండో మూల చూసింది.

"తాతా, ఎర్ర దారం ముడి ఏ మూలన?"

నేను మా ఆవిడ వైపు చూశాను. మా ఆవిడకి ఉన్నట్టుండి చేటలో కందిపప్పు మీద అంతులేని శ్రద్ధ పుట్టింది.

నా అదృష్టం, అప్పుడే యూసుఫ్ కదిలాడు. కళ్ళు తెరిచి, ఎక్కడున్నాడో తెలియనట్టు ఆకాశం చూశాడు. కౌసర్ గలేబు వదిలేసి వెళ్ళి అతని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. చెవి దగ్గర వంగి ఏదో చెప్పింది. చిన్న మాటే. అతను లేచి కూర్చుని ఆ పిల్ల మొహంలోకి చూశాడు. ఇంకా నిద్ర వదలని గొంతుతో అన్నాడు.

"మరి ఈ పరుపు అక్కడికి ఎలా తీసుకెళ్తాం?"

అక్కడికి అంటే ఎక్కడికో కౌసర్ నోటితోనే వినాలని నేను దబ్బనం పక్కన పెట్టి కూర్చున్నాను. ఆ పిల్ల ఏం చెప్పిందో వచ్చే వారం. ఈలోపల నేను మీకు చెప్పెయ్యాల్సింది ఒకటుంది.

ఎర్ర దారం లేదు. మా ఇంట్లో ఏ పెళ్ళి పరుపుకీ ఎవరూ ఎర్ర ముడి వెయ్యలేదు. ఎవరి పక్క ఏదో చెప్పే గుర్తు ఆ పరుపులో ఏదీ లేదు. పొద్దున గలేబు తెరుస్తూ అప్పటికప్పుడు కల్పించాను. ఆఖరి కుట్టు సంగతీ, మిగతాదంతా నిజమే. పోయిన చలికాలంలో కంటి ఆపరేషనుకి వెళ్ళి జహీరున్నీసా గుంటూరులో కౌసర్ వాళ్ళింట్లో ఉంది. కట్టు విప్పాక ఆవిడ మొదట చూసిన మనిషి యూసుఫ్. సోఫాలో, మొహం మీద ఫోను వెలుగు పడుతూ, మేలుకుని ఉన్నాడు. చెప్పొద్దని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నాడు. ఆవిడ ఒట్టు తప్పే మనిషి కాదు, నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. "నువ్వు చెబితే పిల్ల నమ్మదు, వాణ్ణి అడిగితే ఒప్పుకోడు. ఆ దూది చేత చెప్పించు" అంది. నన్ను తిట్టిన తిట్లు కూడా ముందే అనుకున్నవి. పిర్ర మాట మాత్రం ఆవిడ సొంతంగా కలిపింది.

దూదికి నోరు లేదు. మా ఇంట్లో నోరున్నది ఆవిడకి.